తమ్ముణ్ణి దిగబెట్టి రావడానికి గోదావరి దాకా

బయల్దేరే ముందు

మా తమ్ముడు వీరభద్ర ఆరేళ్ళుగా బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మా ఇంటి వెనక గదిలో ఉంటూ చేస్తున్నాడు. రాయచోటిలో అడిగినవాళ్ళందరికీ నేను చెప్పిన మాట ఇది. మొదట్లో కంపెనీ పేరు కూడా చెప్పేవాణ్ణి. తర్వాత ఎవరూ అడక్కపోవడంతో ఆ పేరు నేనే మర్చిపోయాను.

డిగ్రీ రెండో సంవత్సరంలో వాడికి ఎవరికీ వినపడని మాటలు వినపడటం మొదలైంది. వాటికి జవాబులు చెప్పేవాడు. తిరుపతి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. మాత్రలు రాశారు, వాడాడు, నిద్ర పట్టింది, కేకలు తగ్గాయి. కానీ బయటికి రావడం మానేశాడు. రమ్మని మేమూ గట్టిగా అనలేదు. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ముందు గది కంటే వెనక గది అందరికీ అనుకూలంగా తోచింది. చెల్లెలి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఆ అనుకూలం అలాగే కొనసాగింది.

నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. ఆ మధ్య కోనసీమ నుంచి ఒకాయన బదిలీ మీద మా సెక్షన్‌కి వచ్చాడు. ఒకరోజు టీ తాగుతూ, మా దూరపు బంధువుల అబ్బాయి అని చెప్పి, తమ్ముడి సంగతి కదిపాను. "మా వైపు ఆత్రేయపురంలో సత్యవతి గారని ఒకావిడ ఉన్నారండి. ఇలాంటివాళ్ళని చూసుకుంటారు" అన్నాడాయన. చూసుకుంటారు అన్న మాటని నేను ఉంచుకుంటారు అని విన్నాను. నాకు వినాలని ఉన్నది అదే.

ఆయన చేత ఆవిడకి ఒక కార్డు రాయించాను. వారం రోజులు సెలవు పెట్టాను. కోనసీమ చూసొద్దాం రమ్మని తమ్ముడితో చెప్పాను. వాడు సరే అన్నాడు. రేకుపెట్టెలో వాడి బట్టలన్నీ సర్దాను. నావి మాత్రం చేతిసంచిలో పెట్టుకున్నాను. మా ఇంటావిడ అదంతా చూస్తూ నిలబడింది. పెట్టె మూత సరిగా పడకపోతే వచ్చి, మోకాలితో నొక్కి గొళ్ళెం పెట్టింది.

వంతెన మీద

మర్నాడు పొద్దున్నే రైలు కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కింది. మా ఊళ్ళో కొళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. వచ్చినప్పుడు ఇంట్లో గిన్నెలన్నీ నింపుతాం, గ్లాసులు కూడా. అలాంటి ఊరి నుంచి వచ్చినవాడికి ఈ నదిని చూస్తే సంతోషం కంటే ముందు కొంచెం కోపం వస్తుంది. అంత నీళ్ళు, ఎవరూ పట్టుకోకుండా ఊరికే పోతున్నాయి.

రైలు పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి జరిగి నీళ్ళలో చిల్లర వేస్తున్నారు. ఎదురు సీటులో పెద్దావిడ భద్ర చేతిలో అర్ధరూపాయి పెట్టి, "వెయ్యి బాబూ, మంచిది" అంది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. వంతెన చాలా పొడుగు. అయినా అయిపోయింది. రైలు రాజమండ్రి ఇళ్ళ మధ్యకి వచ్చాక వాడు లేచి, కిటికీలోంచి జాగ్రత్తగా వేశాడు. ఎవరి పెంకుల మీద పడిందో తెలియదు. పెద్దావిడ మాత్రం "అదీ గోదారేలే" అంది.

స్టేషన్ బయట పెసరట్టు తిన్నాం. లోపల ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు. ఒక టిఫిన్‌లో ఇంకో టిఫిన్ దాచడం మా వైపు లేదు. ఐదు రూపాయలు. భద్ర అట్టు విప్పి, ఉప్మా వేరే పక్కకి పెట్టి, రెండూ విడివిడిగా తిన్నాడు. సర్వరు అది చూసి, ఏమీ అడక్కుండా, రెండోసారి రెండు ప్లేట్లలో తెచ్చాడు.

ఇక్కడి భాష గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి వాక్యం చివరా అండి ఉంటుంది. బస్సు కండక్టరు "దిగండి" అన్నాడు, "చిల్లర లేదండి" అన్నాడు, నా కాలు తొక్కి "చూసుకోవాలండి" అన్నాడు. మా వైపు ఇంత మర్యాదగా మాట్లాడితే అప్పు అడుగుతారేమోనని లేచి వెళ్ళిపోతాం.

రావులపాలెం

రావులపాలెంలో బస్సు మారాలి. అరటి మార్కెట్ పక్కనే. ఆ పరిమాణంలో అరటిగెలలు నేను అంతకు ముందు చూడలేదు. ఒక్కో సైకిలుకి అటూ ఇటూ గెలలు కట్టి తోసుకొస్తుంటే సైకిలు కనపడదు, మనిషి కనపడడు, ఒక అరటితోట దానంతటదే నడిచి వస్తున్నట్టు ఉంటుంది.

భద్రని ఒక పక్కన నిలబెట్టి, కదలొద్దని చెప్పి, టీ తేవడానికి వెళ్ళాను. రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి వాడు అక్కడే ఉన్నాడు, కదలలేదు. వాడి ముందు నలభై కర్పూర గెలలు వరసగా పేర్చి ఉన్నాయి. లుంగీ కట్టుకున్న ఒకాయన, ఇవి ఏ బండిలోకి ఎత్తించాలని వాణ్ణి అడుగుతున్నాడు.

జరిగింది ఇది. అక్కడ గెలలు వేలంపాటలో అమ్ముతారు. పాట పాడే ఆయన రేటు చెప్పి చుట్టూ చూశాడు. అదే సమయంలో భద్రకి లోపలి నుంచి ఎవరో ఏదో చెప్పారు. వాడు "సరే" అన్నాడు. ఇంకోసారి "సరే సరే" అన్నాడు. పాట వాడి పేరు మీద కొట్టేశారు.

నేను గ్లాసులు పట్టుకునే అందరికీ దణ్ణాలు పెట్టాను. మావాడు కొనేవాడు కాదని, వాడికి ఒంట్లో బాగోదని, మేము పొరుగూరి వాళ్ళమని ఏవేవో చెప్పాను. గుంపులోంచి పొడుగాటి మనిషి ఒకాయన ముందుకొచ్చి, పాట పాడినాయనతో రెండు మాటలు మాట్లాడి, ఆ నలభై గెలలూ తన లెక్కలోకి వేసుకున్నాడు. పేరు సుబ్బరాజు. అరటి వ్యాపారి. భద్రని ఒకసారి, రేకుపెట్టెని ఒకసారి చూశాడు.

"సత్యవతి గారింటికాండి?" అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగాను.

"రేపు మంగళవారం కదండి. నేనూ వస్తాను. నాకూ రెండేళ్ళు బాగోలేదండి. మార్కెట్టుకి రావడం మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. మాత్రలు వేసుకుంటున్నాను ఇప్పటికీ."

అరటిగెలల మధ్య, పదిమంది వింటుండగా, మోకాలి నొప్పి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ పదిమందిలో ఒక్కరూ తలతిప్పి చూడలేదు. నేను మాత్రం ఆయన తరఫున సిగ్గుపడి చుట్టూ చూశాను. భద్ర ఆయన్ని తేరిపార చూశాడు. ఆరేళ్ళలో వాడు ఒక కొత్త మనిషి ముఖంలోకి అలా చూడటం అదే మొదలు.

కాలవ గట్టు

సుబ్బరాజు గారు మమ్మల్ని గెలలు వేసుకెళ్ళే తన వ్యానులో ముందు సీటులో కూర్చోబెట్టుకున్నారు. రోడ్డు కాలవ గట్టు మీదే వెళ్తుంది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరి, మధ్యలో గేదెలు. దారి పొడుగునా ఆయన నాకు పులస చేప గురించి చెప్పారు. ఇది దాని కాలం కాదట. ఆ మూడు రోజుల్లో ఇంకో ముగ్గురు కూడా నాకు ఈ సంగతి చెప్పి ఓదార్చారు. నేను శాకాహారినని చెప్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఆత్రేయపురంలో ఇంటింటికీ పూతరేకులు తీస్తారు. తిరగేసిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి ఆ కుండ మీద ఒక్కసారి అలా లాగితే, ఉల్లిపొర లాంటి రేకు వస్తుంది. దాన్ని ఒలిచి, తర్వాత నెయ్యి, పంచదార పొడి చల్లి మడతపెడతారు. కాగితాన్ని తినడం నాకు అలవాటు లేదు, అయినా ఆరు తిన్నాను.

సత్యవతి గారిది పెంకుటిల్లు, ముందు పెద్ద వసారా. యాభై అయిదు దాటి ఉంటాయి. నేను ఇచ్చిన కార్డు చదివి, మంచినీళ్ళిచ్చి, రేపు పదింటికి రమ్మన్నారు. సామాను ఎక్కడ పెట్టమంటారని అడిగాను. ఎక్కడ దిగారని ఆవిడ అడిగారు. మా ఇద్దరి ప్రశ్నలూ ఒకదానికొకటి జవాబు కాదని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. సుబ్బరాజు గారు కలగజేసుకుని, ఊళ్ళో తన గోడౌను మీద గది ఖాళీగా ఉందన్నారు. పెట్టె అక్కడికి మోసుకెళ్ళాను.

మంగళవారం

పదింటికి వసారాలో పదిహేను మంది దాకా ఉన్నారు. కొందరికి జబ్బు, కొందరికి ఇంట్లో ఎవరికో జబ్బు, కొందరు ఊరికే వచ్చేవాళ్ళు. ఎవరు ఎవరో నాకు తెలియలేదు. బాగా తేడాగా ఉన్నాడనుకున్న మనిషి పోస్టుమాన్ అని తర్వాత తెలిసింది.

వసారా చివర కుండ దగ్గర సత్యవతి గారి అక్క అన్నపూర్ణమ్మ గారు రేకులు తీస్తున్నారు. ఆవిడకి అరవై పైనే. ఊళ్ళో అంత పల్చటి రేకు ఇంకెవరికీ రాదని చెప్పారు. కుండ వెనక గోడలో ఒకాయన ఉంటాడని ఆవిడ నమ్మకం. రోజూ మొదటి రేకు ఆయనకే, గూట్లో పెడతారు. ఎవరూ ఉన్నాడనరు, లేడనరు. కొత్తగా వచ్చినవాళ్ళు గూటికి అడ్డంగా కూర్చుంటే మాత్రం కొంచెం జరగమంటారు. నన్నూ జరగమన్నారు.

కూర్చున్నవాళ్ళు పని చేయొచ్చు, మానేయొచ్చు. మాట్లాడొచ్చు, మానేయొచ్చు. ఏం జబ్బని ఎవరూ అడగరు. నెలనెలా రాజమండ్రి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళతో పాటు బస్సులో ఎవరు వెళ్ళాలో అక్కడే అనుకుంటారు. ఇంటివాళ్ళు కాకుండా ప్రతివాళ్ళకీ ఊళ్ళో ఒక్కో మనిషి తోడు ఉంటాడు. రోజుకోసారి వెళ్ళి పలకరిస్తాడు. ఇంతే. నేను ఇంకా ఏదో ఉంటుందని, లోపల గదుల్లో మంచాలు ఉంటాయని, రెండుసార్లు మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళి చూశాను. బియ్యం బస్తాలు, నెయ్యి డబ్బాలు ఉన్నాయి.

లక్ష్మీకాంతం గారని ఒకావిడ ఉన్నారు. తన పొలం మీద వానని ఎవరో రోజూ దొంగిలిస్తున్నారని ఆవిడ పంచాయతీ ఆఫీసులో ప్రతి ఉదయం ఒక అర్జీ ఇస్తారు. అక్కడి గుమాస్తా దాని మీద ముద్ర వేసి, నంబరు వేసి, నకలు చేతికిస్తాడట. నేనూ గుమాస్తానే కాబట్టి ఆ మనిషి మీద జాలి పడ్డాను. మధ్యాహ్నం ఆయనే భోజనానికి వచ్చాడు. ఎందుకు తీసుకుంటారని అడిగాను. "తీసుకోడానికి నిమిషం పడుతుందండి. కుదరదని చెప్పడానికి పూటంతా పడుతుంది" అన్నాడు. ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు పనిచేసి ఈ సూత్రం నేను కనుక్కోలేకపోయాను.

నాకూ మడతపెట్టే పని ఇచ్చారు. తడిగుడ్డతో రేకుని కొంచెం మెత్తబరచి మడవాలి. పదకొండు రేకులు చింపాను. పన్నెండోది తీసుకోబోతుంటే అన్నపూర్ణమ్మ గారు, ఆ వచ్చినాయనకి వేరే పనేదైనా చూడమని చెల్లెలితో అన్నారు. భద్ర ఒక్కటీ చింపలేదు. వాడి వేళ్ళు అంత మెల్లగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. చూడ్డానికి నేనెప్పుడూ కూర్చోలేదు కూడా.

అప్పుడు సత్యవతి గారు వాణ్ణి మామూలుగా, "ఊళ్ళో ఏం చేస్తుంటారండి?" అని అడిగారు. వాడి తరఫున జవాబు చెప్పడానికి నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను. వాడే చెప్పాడు.

"నేను ఇంట్లో ఉంటాను. మా యన్న నేను బెంగుళూరులో ఉండానని చెప్తాడు. ఇప్పుడు నన్ను ఈడ పెట్టి పోవాలని పిల్చుకొచ్చినాడు. పెట్టెలో నా చొక్కాలన్నీ ఉండాయి."

రేకు మడిచి పళ్ళెంలో పెట్టాడు.

కుండ కింద కొబ్బరాకులు చిటపటమంటున్నాయి. నాకు ఎవరి ముఖం వైపు చూడాలో తెలియక, గోడలో ఉండే ఆయన వైపు చూశాను.

"ఇక్కడ ఎవర్నీ ఉంచుకోమండి" అన్నారు సత్యవతి గారు నాతో. కోపం లేదు గొంతులో. "సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళే. కార్డులో అలా రాయలేదు మరి ఆయన."

కార్డులో అలా రాయలేదన్నది నిజం. అది నాకూ తెలుసు. రాయించింది నేనే.

తర్వాత అందరికీ ఆకులు వేశారు. కంద బచ్చలి కూర, ఆవపెట్టి చేశారు. పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు. మా వైపు పండగకి కూడా ఇన్ని ఉండవు, రాగిసంగటీ ఊరిబిండి పచ్చడీ ఉంటే ఆ రోజు గడిచినట్టే. నేను కూర అన్నంలో కలుపుతూనే కూర్చున్నాను. పక్కన కూర్చున్న లక్ష్మీకాంతం గారు నా ఆకు చూసి, ఆవ ఘాటు కొత్తవాళ్ళకి అలాగే ఉంటుందని, మజ్జిగ పోయమని వడ్డించేవాళ్ళకి చెప్పారు. కళ్ళు తుడుచుకోవడానికి ఆ ఘాటు నాకు బాగా పనికొచ్చింది.

గట్టు మీద మళ్ళీ

సాయంత్రం భద్రతో కాలవ గట్టు మీదికి వెళ్ళాను. వాడు చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పైమెట్టు మీద కూర్చున్నాను. నీకెట్ల తెలిసిందని అడిగాను.

"స్వెట్టరు గూడా పెట్టినావు గదన్నా" అన్నాడు. అది మార్చి నెల.

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. రైల్లో పోయింది. మళ్ళా వచ్చింది." కొంచెం ఆలోచించాడు. "ఇప్పుడు ఉండాది."

తప్పయిందన్నాను. ఆ మాట నీళ్ళ చప్పుడులో వాడికి వినపడిందో లేదో. ఇంకోసారి అన్నాను. వినపడిందిలే అన్నాడు. నా వైపు చూడలేదు. కాళ్ళు మాత్రం నీళ్ళలో ఆడిస్తూనే ఉన్నాడు. కాసేపటికి నేను కూడా కిందికి దిగి కాళ్ళు పెట్టాను. చల్లగా ఉన్నాయి. నా చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయింది. అక్కడ బట్టలుతుకుతున్న ఒకాయన, లాకుల తలుపుల దగ్గర తట్టుకుంటుంది, రేపెళ్ళి చూసుకోండన్నాడు. మర్నాడు వెళ్ళాను. వేరే ఎవరివో నాలుగు చెప్పులు ఉన్నాయి.

బుధవారం, క్షవరం

ఆరేళ్ళుగా భద్రకి జుట్టు కత్తిరించేది నేనే. వెనక గదిలో, పాత దుప్పటి కప్పి, కత్తెరతో. అది ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుస్తుంది, చూసినవాళ్ళెవరూ లేరు. పొద్దున్నే సుబ్బరాజు గారు వచ్చి భద్రని చూసి, క్షవరం చేయించుకుందాం వస్తారాండి అని వాణ్ణే అడిగారు. వాడు లేచాడు. నేనూ లేచాను.

"మీరు రాకండి. మీరొస్తే మీరే చెప్పేస్తారు" అన్నారాయన.

నేను సెలూన్‌కి ఎదురుగా టీకొట్టులో కూర్చున్నాను. తలుపు లేని కొట్టు కాబట్టి అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. మంగలాయన భద్రకి గుడ్డ కప్పి, దువ్వెన తీసుకుని, ఎలా చెయ్యమంటారని అడిగాడు. భద్ర అద్దంలో చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఇంకోసారి అడగలేదు. కత్తి తీసి పదును పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వెనక బెంచీ మీద ముగ్గురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు. సుబ్బరాజు గారు గోడమీది క్యాలెండరు చూస్తున్నారు. నా టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పాను, అదీ చల్లారింది. కత్తి మాత్రం కాయితాన్ని కూడా కోయగలిగే పదునుకి వచ్చి ఉంటుంది. మధ్యలో ఒకటి రెండు సార్లు లేచి, రోడ్డు దాటి, "మీడియంగా చెయ్యండి" అని చెప్పేద్దామనిపించింది. రెండు చేతులతో బెంచీ పట్టుకుని కూర్చున్నాను.

"చెవుల కాడ చిన్నగా. పైన ఉండనీ" అన్నాడు భద్ర.

"ఆయ్" అన్నాడు మంగలాయన, ఇంతసేపూ జరిగింది ఏమీ లేనట్టు, కత్తెర అందుకుని.

ఆయ్ అంటే ఇక్కడ అవునని, సరేనని, అర్థమైందని, అన్నీ. ఆ రోజు అది ఏ అర్థంలో అన్నాడో గాని, నేను ఆ టీకొట్టులో ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. కొట్టాయన ఆవ తిన్నారా అనలేదు, ఇంకో టీ ఇచ్చాడు.

తాళం

తిరుగు రైలు గురువారం. బుధవారం మధ్యాహ్నం సత్యవతి గారికి చెప్పి వద్దామని వెళ్ళాను. భద్ర అన్నపూర్ణమ్మ గారి దగ్గర కూర్చుని ఒలిచిన రేకులు అందుకుంటున్నాడు. ఆవిడ గోడతో మాట్లాడుతున్నారు, వాడు వాడి మనుషులతో మాట్లాడుతున్నాడు. ఇద్దరికీ ఇబ్బందిగా లేదు.

మా ఊళ్ళో ఇలాంటివి కుదరవని చెప్పాను. మా జనం వేరు, మాది మెట్ట ప్రాంతం, మీకు నీళ్ళున్నాయి, పంటలున్నాయి, తీరిక ఉంటుంది.

"నీళ్ళకీ దీనికీ సంబంధం ఏంటండీ?" అన్నారావిడ.

అప్పుడు ఆవిడ మడతపెట్టడం ఆపకుండానే తన సంగతి చెప్పారు. అక్కకి ఇరవై ఆరేళ్ళ కిందట మొదలైందట. వీధిలోకి వెళ్ళి అందరి గోడలూ తడుతోందని లోపలి గదిలో పెట్టి తాళం వేశారట. నాలుగేళ్ళు. ఎవరైనా అడిగితే విశాఖపట్నంలో పిన్నిగారింట్లో ఉందని చెప్పేవారట.

"మా నాన్నగారు వేశారని చెప్తానండి అందరికీ. ఆయన పోయారు, ఏమీ అనరు. వేసింది నేను" అన్నారు.

తీసింది కూడా దయతో కాదన్నారు. ఒకసారి పెద్ద పెళ్ళి ఆర్డరు వచ్చిందట, అప్పుడే సత్యవతి గారికి జ్వరం తగిలింది. రేకు తీసే మనిషి లేరు. ఆర్డరు పోతుందన్న భయంతో పక్కింటి ఆడవాళ్ళకి నిజం చెప్పి తాళంచెవి ఇచ్చారు. అన్నపూర్ణమ్మ గారు గదిలోంచి వచ్చి, కుండ ముందు కూర్చుని, నిన్న లేచి వెళ్ళినట్టు రేకులు తీయడం మొదలుపెట్టారట. పక్కింటివాళ్ళు మర్నాడు పిలవకుండానే వచ్చారు. వాళ్ళలో ఒకావిడ తన తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. మంగళవారాలు ఆర్డర్లు తక్కువ కాబట్టి మంగళవారం అయింది.

"నాలుగేళ్ళూ వాళ్ళేమంటారో అని భయపడ్డానండి. తీరా చెప్తే, మాకెందుకు చెప్పలేదు, మనిషి సాయం ఉండేవాళ్ళం కదా అన్నారు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది."

మీ వీధిలో ఒక నలుగురికి చెప్పండి చాలు, అన్నారు చివర్న. అయిదో మనిషి మీ దగ్గరికి తనంతట తనే వస్తాడన్నారు. నేను ఆ మాట నమ్మలేదు. దారిలో తినమని రెండు పెట్టెలు రేకులు కట్టి ఇచ్చారు. వాటిలో ఒకటి తుక్కుతుక్కుగా ఉంది. అది నేను మడిచిన రేకుల పెట్టె.

తిరిగి వచ్చాక

మా ఇంటావిడ తలుపు తీసి, ఇద్దరం వచ్చామని చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. యాత్రల గురించి రాసేవాళ్ళు ఇలాంటివి రాయరు గాని, వెళ్ళాలనుకునేవాళ్ళకి తెలియడం మంచిది. ఇన్నేళ్ళూ ఆ గదికి అన్నం తీసుకెళ్ళింది ఆమె. ఆమెకి కాస్త విశ్రాంతి దొరుకుతుందని అనుకుని ఉంటుంది. అలా అనుకోవడం తప్పని చెప్పే అర్హత నాకు లేదు. నాలుగో రోజు భద్ర తన కంచం తనే కడిగి బోర్లించాడు. ఆమె దాన్ని తీసి మళ్ళీ కడిగింది. తర్వాత, పిండిమర నుంచి పిండి తేవాలి, మీ తమ్ముణ్ణి పంపుతావా అంది.

నలుగురికి చెప్పాను. పిండిమర ఆయనకి, వీధి చివరి టైలరుకి, మా ఆఫీసు అటెండరుకి, పక్కవీధి నర్సమ్మకి. ఒక్కొక్కరికీ చెప్పడానికి ఒక్కో సాయంత్రం పట్టింది. పిండిమర ఆయన విని, మూడేళ్ళుగా మీ వెనక గదిలో దీపం చూస్తానే ఉండానయ్యా అన్నాడు. నర్సమ్మ ఏడ్చింది. ఆమె ఎవరి కోసం ఏడ్చిందో అప్పుడు చెప్పలేదు. టైలరు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచి కాకుండా పక్కసందులోంచి పోతాడు. అతని గురించి సత్యవతి గారికి ఉత్తరం రాస్తే, "పోనివ్వండి, ఆ సందులో ఎవరైనా ఉంటారేమో" అని జవాబు రాశారు.

శుక్రవారం సాయంత్రాలు అనుకున్నాం. ముందు గదిలో పెద్ద చాప పరిచి, మా ఇంటావిడ బొరుగుల్లో ఉల్లిపాయ, కారం కలిపి పెట్టింది. మొదటి శుక్రవారం పిండిమర ఆయన, నర్సమ్మ, అటెండరు వచ్చారు. భద్ర తలుపు దగ్గరగా కూర్చున్నాడు. బొరుగులు తిన్న చప్పుడే ఎక్కువ. రెండో శుక్రవారమూ అంతే.

మూడో శుక్రవారం బొరుగులు అయిపోతుండగా గేటు చప్పుడైంది. రామసుబ్బయ్య సారు. హైస్కూల్లో మా అన్నదమ్ములిద్దరికీ లెక్కలు చెప్పిన మనిషి. రిటైరై చాలా కాలమైంది గాని, ఆయన వీధిలో ఎదురైతే మా వయసు వాళ్ళం ఇప్పటికీ సైకిలు దిగుతాం. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. నేను లేచి నిలబడ్డాను. అటెండరు తింటున్న బొరుగులు మింగకుండానే లేచాడు.

ఆయన గడప దగ్గరే ఆగి, శుక్రవారం అంటే ఇదేనా అని అడిగారు. ఇదే సార్, రండి అన్నాను. ఆయన వెనక వీధిలోకి చూశాను. ఎవరూ లేరు.

"ఎవరినన్నా పిల్చుకొచ్చినారా సార్?" అని అడిగాను.

"పిల్చుకొచ్చినాను" అన్నారు. గొడుగు గోడకి ఆనించారు. అది జారి పడింది. మళ్ళీ ఆనించారు. "నన్నే."

ఆయన చెప్పులు విప్పి, వాటిని ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డారు.

భద్ర చాప మీద ఒక మనిషి పట్టేంత జరిగాడు.